పరాయి గడపలో ఒక పూట

డాక్టర్ మెరెడిత్ ఆల్డర్ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. చెడ్డ మనిషే అయ్యుంటే కెజయా మోబ్లీకి ఇంత క్షోభ ఉండేది కాదు, నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేది. ఆల్డర్ గొంతు మెత్తన. పిల్లల పేర్లన్నీ మొదటి వారంలోనే నోటికి తెచ్చుకుంది. నల్లవాళ్ళ కష్టాల గురించి పాఠం చెప్పేటప్పుడు ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా క్లాసంతా మెడలు తిప్పి కెజయా వైపు చూస్తుంది, లేచి వెళ్ళి తుడవాల్సింది ఆ పిల్లే అన్నట్టు.

కోర్సు పేరు ‘అమెరికా సమాజంలో జాతి, తెగ, సంస్కృతి’. టిల్లరీ యూనివర్సిటీలో ఎవరు ఏ డిగ్రీ చదువుతున్నా ఇది గట్టెక్కాల్సిందే. అందుకని లెక్కలవాళ్ళూ, వ్యాపారం చదివేవాళ్ళూ, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళూ అందరూ ఆ గదిలో ఉంటారు. నల్లపిల్ల మాత్రం కెజయా ఒక్కతే. వెనక వరసలో ఒక మెక్సికో కుర్రాడు ఉండేవాడు కానీ, గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి రెండో వారంలోనే వేరే సెక్షన్‌కి జారుకున్నాడు. తెలివైనవాడు.

అక్టోబరు మొదట్లో ఆల్డర్ పెద్ద వ్యాసం అప్పగించింది. దానికి ‘పరాయి గడపలో ఒక పూట’ అని పేరు కూడా పెట్టింది.

“మీది కాని లోకంలోకి వెళ్ళాలి. మీ రంగువాళ్ళు, మీ మతంవాళ్ళు లేనిచోట, మీరొక్కరే వేరుగా కనిపించే చోట ఒక పూట గడపండి. చూడండి, వినండి, ఎలా అనిపించిందో రాయండి.”

కెజయా చెయ్యెత్తింది. “మేడమ్, నేను రోజూ చేస్తున్నది అదే కదా?”

“అంటే?”

“అంటే ఈ గదిలో. హాస్టల్లో. మెస్సులో. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నేను పరాయి గడపలోనే ఉంటున్నా. దీని గురించే రాసేస్తే సరిపోదా?”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆల్డర్ మాత్రం నవ్వలేదు. తల పక్కకి వాల్చి ఆలోచించింది.

“మంచి ప్రశ్న, కెజయా. చాలా మంచి ప్రశ్న.” ఆమె మంచి ప్రశ్న అందంటే జవాబు ఇక రాదని క్లాసులో అందరికీ తెలుసు. “కానీ ఇది నీకు అలవాటైన చోటు కదా. నీకు కొత్తగా ఉండాలి.”

అలవాటైపోయింది కాబట్టి లెక్కలోకి రాదట. చెప్పు ఎంత కరిచినా, రోజూ కరుస్తుంది గనక అది కరవడం కాదన్నమాట. కెజయా చెయ్యి దించేసింది.

“సరే, ఈ ఊళ్ళో ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చో చెప్పండి,” అని ఆల్డర్ బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కూడా రైలు పట్టాల అవతల ఏముందో తెలియనట్టు కూర్చున్నారు. చూసి చూసి కెజయాయే అంది, “మా చర్చికి రావచ్చు. మౌంట్ నెబో.”

ఎందుకు చెప్పిందంటే, పెంపకం అలాంటిది. ఇంటికి వస్తామన్నవాళ్ళని రావద్దనే అలవాటు ఆ ఇంట్లో లేదు. పైగా కొంచెం గొప్ప కూడా. ఈ గదిలో తనకంటూ చూపించుకోవడానికి ఒకటుందని ఆ క్షణం అనిపించింది. ఆల్డర్ చర్చి పేరు బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, కింద గీత గీసింది.

కెజయాని పెంచింది అమ్మమ్మ ఎర్నెస్టీన్. తల్లి ముఖం ఆ పిల్లకి ఫోటోల్లోనే తెలుసు. చర్చిలో అందరూ ముసలమ్మని మదర్ మోబ్లీ అనేవారు. తెల్ల గౌను, తెల్ల టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చునే పెద్దమ్మల్లో ఆమెది మొదటి కుర్చీ. ఆ సాయంత్రం కెజయా ఫోన్ చేసి సంగతి చెబితే ముసలమ్మ సంబరపడిపోయింది.

“రానీయే పిల్లా. దేవుడింటికి రావద్దనడానికి నువ్వెవరు, నేనెవరు? ఎంతమందొస్తారు? కోడి ఎంత వేయించమంటావు?”

“అమ్మమ్మా, వాళ్ళు తినడానికి రావట్లేదు. చూడ్డానికొస్తున్నారు.”

“చూసి చూసి ఆకలెయ్యదా ఏందే వాళ్ళకి?”

ఆదివారం పదిమంది దాకా వచ్చారు. అరుగు మీద నిలబడ్డ డీకన్ పర్విస్ వాళ్ళని దూరం నుంచే పసిగట్టాడు. ఆయన ఆ చర్చికి పెద్ద, వచ్చేపోయేవాళ్ళని చూసుకునేది ఆయనే. “అదుగో, నోటుబుక్కులోళ్ళు దిగారు. చలికాలం బాతులొచ్చినట్టు ఏటేటా టైముకి వస్తారు. కిందటేడు సమాజశాస్త్రమన్నారు. ఈసారి ఏం శాస్త్రమే కెజయా?”

“సంస్కృతి, డీకన్.”

“అంటే మనకుందో లేదో చూసిపోతారా?” అని పొట్ట కదిలేలా నవ్వాడాయన. నవ్వుతూనే తలుపు బార్లా తెరిచి, వాళ్ళందరినీ తీసుకెళ్ళి ముందు వరసల్లో కూర్చోబెట్టాడు. మౌంట్ నెబోలో కొత్తవాళ్ళని వెనక కూర్చోనివ్వరు. పేరుపేరునా లేపి నిలబెట్టి, ఎక్కడినుంచి వచ్చారో చెప్పించి, ఊరంతా స్వాగతం పలికి, తిండి పెట్టి గానీ వదలరు. కానుక పళ్ళెం మాత్రం ఆ రోజు విద్యార్థుల వరసలో ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది.

క్లాసులో కెజయా వెనక బెంచీలో కూర్చునే బ్రిన్ క్లార్క్‌సన్ ఆ ఆదివారం రాలేదు. ఆమెకేదో ఆట ఉంది.

తర్వాతి మంగళవారం ఎర్నెస్టీన్ మోబ్లీ వంటింట్లో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. ఆ సమయానికి కెజయా ఆల్డర్ క్లాసులో ఉంది. ఆ క్లాసులో ఫోన్లు వాడకూడదు. అందరూ వాటిని బల్ల మీది వెదురుబుట్టలో పెట్టి కూర్చోవాలి. ఒకరి మాట ఒకరు మనసు పెట్టి వినాలని ఆల్డర్ పెట్టిన నియమం అది. బుట్టలో ఏదో ఫోన్ ఆగకుండా బుర్రుమంటుంటే అందరితోపాటు కెజయా కూడా విసుక్కుంది. క్లాసయ్యాక తీసి చూస్తే అది తనదే. డెట్రాయిట్‌లో ఉండే రోస్కో మామయ్య వరసపెట్టి చేసిన కాల్స్. ఆస్పత్రికి పరిగెత్తేసరికి దుప్పటి ముఖం మీదికి వచ్చేసింది.

“ఏమైనా అందా? నన్ను అడిగిందా?” అని కనబడ్డ ప్రతి నర్సునీ పట్టుకుని అడిగింది. ఒకామె తన డ్యూటీ అప్పుడే మొదలైందంది. ఇంకొకామె భుజం తట్టి వెళ్ళిపోయింది. చివరి మాట ఏదైనా ఉందో లేదో చెప్పే నాథుడు లేడు. కెజయా ఆల్డర్‌కి ‘ఇంట్లో మరణం, కొన్నాళ్ళు రాలేను’ అని రెండు ముక్కలు పంపింది. ఎంత కాలం కావాలంటే అంత తీసుకోమని ఆల్డర్ చాలా దయగా జవాబిచ్చింది.

సాగనంపడం శనివారం. చర్చి నిండిపోయింది. ముందు వరస పెద్దమ్మలంతా తెల్లగౌన్లలో వచ్చి, ఎర్నెస్టీన్ కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పి ఖాళీగా ఉంచారు. మాట్లాడేవాళ్ళు తలా రెండు నిమిషాలే మాట్లాడాలని పాస్టరు బతిమాలాడు, ఎప్పట్లాగే ఆ మాట ఎవరూ వినలేదు. కుటుంబం వరసగా లోపలికి నడిచి వస్తుంటే, ముందు నుంచి రెండో వరసలో మూడు రాగిజుట్టు తలలు కనిపించాయి కెజయాకి. మధ్యలో ఉన్నది బ్రిన్. ఒళ్ళో నోటుబుక్కు. రోస్కో మామయ్య పిల్లలకి ఆ వరసలో చోటు లేక వెనక్కి సర్దుకుంటున్నారు.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. ఆదివారం తప్పిపోయింది, గడువు దగ్గరపడుతోంది, అందుకని బ్రిన్ చర్చికి ఫోన్ చేసింది. ఎత్తింది డీకన్ భార్య మిస్ ఒలీటా. “ఈ వారంలో ఏమైనా ఉందా అండీ?” అని ఆ పిల్ల అడిగితే ఈమె, “శనివారం మా మదర్ మోబ్లీని సాగనంపుతున్నాం, రా తల్లీ, మీ వాళ్ళని కూడా తీసుకురా,” అంది. కాదనడం ఒలీటాకి పుట్టిన దగ్గర్నుంచీ రాలేదు. దెయ్యం ఫోన్ చేసి అడిగినా ఏ పూటకి వస్తావు నాయనా అనే రకం.

డీకన్ పర్విస్ కూడా తక్కువ తినలేదు. దుఃఖంలో బుర్ర పనిచేయక, అలవాటు చొప్పున లేచి, “మన మధ్యకొచ్చిన అతిథులు ఒక్కసారి నిలబడండి,” అనేశాడు. చావుకొచ్చిన అతిథుల్ని నిలబెట్టడం ఏ సంప్రదాయంలో ఉంది! ముగ్గురూ లేచారు. “హాయ్, మేము యూనివర్సిటీ నుంచి. కోర్సు పని మీద వచ్చాం,” అంది బ్రిన్ చిరునవ్వుతో. జనం కూడా అలవాటు చొప్పునే, కళ్ళు తుడుచుకుంటూనే, “స్వాగతం,” అన్నారు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు దొరికిందన్నాడట ఒకడు. వీళ్ళనైతే ఇంటివాళ్ళే పిలిచి నిప్పు చేతికిచ్చారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియని పరిస్థితి కెజయాది.

తర్వాత పెట్టె మూత వేసే సమయం వచ్చింది. లేసు గుడ్డ మడిచి లోపల పెట్టారు. అమ్మమ్మ చేతికి తొడిగిన గ్లవ్ కొస కనిపిస్తోంది. మూత కదిలింది. అంతే, కెజయాకి తాను అరుస్తున్నట్టు కూడా తెలియలేదు. ఎవరో అరుస్తున్నారు, ఆపితే బాగుండు అనుకుంది. తెల్లగ్లవ్స్ వేసుకున్న ఆడవాళ్ళు నలుగురు పట్టుకున్నా ఆగలేదు. “లేపండి, ఫోన్ ఎత్తాను, ఇదుగో ఎత్తాను,” అని అరిచిందట. ఆ సంగతి మామయ్య చెబితేనే తెలిసింది.

శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి చర్చి హాల్లో సగం గిన్నెలు ఖాళీ అయిపోయాయి. అతిథుల్ని ఎంతసేపు ఆకలితో కూర్చోబెడతామని వంటింటి ఆడవాళ్ళు ముందే వడ్డించేశారు. ముగ్గురూ కడుపునిండా తిని, చిలగడదుంప తీపి రొట్టె కట్టించుకుని మరీ వెళ్ళారు.

“కోడిలో రెక్కలే మిగిలాయి మామయ్యా,” అంది కెజయా పళ్ళెం అందిస్తూ.

“పర్లేదులేవే. అవి తగిలించుకుని డెట్రాయిట్‌కి ఎగిరిపోతా, పెట్రోలు కలిసొస్తుంది,” అన్నాడు రోస్కో. ఆ మాట అని, పళ్ళెంలో చెయ్యి పెట్టి, తినలేక అలాగే ఏడ్చాడు.

కెజయా మళ్ళీ క్లాసుకి వెళ్ళిన రోజు ఆల్డర్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఎవరు పోయారని అడగలేదు. అడిగితే నొప్పి కలుగుతుందనుకుందేమో. పాఠం మొదలుపెడుతూ, ఈసారి వచ్చిన వ్యాసాల్లో ఆణిముత్యం లాంటిది ఒకటి చదువుతానని కాగితాలు తీసింది. రాసినవాళ్ళ అనుమతి ఉందట. వసంతకాలంలో లైబ్రరీ హాల్లో పెట్టే విద్యార్థుల ప్రదర్శనకి కూడా దీన్ని పంపుతోందట.

“‘మదర్ ఎం అనే వృద్ధురాలి అంత్యక్రియలకు నేను హాజరయ్యాను,’” అని చదివింది ఆల్డర్. టోపీల గురించి ఒక పేరా. విసనకర్రల గురించి ఒక పేరా. తిండి గురించి రెండు. కెజయా కదలకుండా వింటోంది. “‘పేటికను మూసే సమయంలో ఒక యువ బంధువు బిగ్గరగా రోదించే పాత్రను నిర్వహించింది. తెల్లని చేతితొడుగులు ధరించిన స్త్రీలు ఆమెను పట్టుకునే విధి నిర్వర్తించారు. ఈ ఆనవాయితీ వల్ల సమూహమంతటికీ దుఃఖం నుంచి విడుదల లభిస్తుందని నాకు అనిపించింది. మా కుటుంబాల్లో ఇలాంటి స్వేచ్ఛ లేనందుకు నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.’”

ఆల్డర్ కాగితం దించి, “ఎంత నిజాయితీ!” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలలన్నీ మామూలుగా కెజయా వైపు తిరిగాయి. “నీకేమనిపించింది, కెజయా? సరిగ్గా పట్టుకుందా?”

“ఆ యువ బంధువుని నేనే,” అంది కెజయా.

వెనక బెంచీ నుంచి చిన్న శబ్దం వచ్చింది. బ్రిన్.

“నేను పాత్రా గీత్రా నిర్వహించలేదు. మా అమ్మమ్మ పోయింది.”

“నాకు తెలీదు,” అంది బ్రిన్. “ఒట్టు, నువ్వని తెలీలేదు. నువ్వు టోపీ పెట్టుకున్నావు... అక్కడ చాలామంది ఉన్నారు...”

ఎనిమిది వారాలుగా ఆ పిల్ల కెజయా వెనకే కూర్చుంటోంది. పెన్ను మరిచిపోయిన రోజున వీపు మీద తట్టి అడిగేది. పరీక్ష ముందు కలిసి చదువుకున్నారు, ఒకే పళ్ళెంలో చిప్స్ తిన్నారు. మూడు గజాల దూరంలో నోరు తెరిచి ఏడుస్తుంటే గుర్తుపట్టలేదు. చర్చిలో పంచిన కాగితం మీద అచ్చేసిన మోబ్లీ అన్న ఇంటిపేరు చూసి కూడా ఆమెకి ఏమీ తట్టలేదు. పోనీ అబద్ధమాడుతోందా అంటే, అదీ కాదు. నిజంగానే తెలియలేదు. అదే కెజయా గుండెల్లో గునపంలా దిగింది.

బ్రిన్ వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళు లేచి ఆమె భుజాల చుట్టూ చేతులు వేశారు. ఎవరో టిష్యూలు తెచ్చారు. ఒక కుర్రాడు వంగి, “నీ తప్పేం లేదు, బ్రిన్,” అంటున్నాడు. “ఇది మనందరికీ కష్టమైన క్షణం,” అంది ఆల్డర్. “అందరం ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుందాం.” అందరూ తీసుకున్నారు. కెజయా కుర్చీ చుట్టూ మాత్రం ఎవరూ లేరు.

మర్నాడు ఆమె ఆల్డర్ గదికి వెళ్ళింది. అడగాలనుకున్నది ఒక్కటే.

“ఆ వ్యాసం ప్రదర్శనలో పెట్టొద్దు మేడమ్. మా అమ్మమ్మ చావు గోడకెక్కడం నాకిష్టం లేదు.”

ఆల్డర్ లేచి తలుపు మూసి, ఎదురుగా కూర్చుంది. “నీ బాధ నాకు అర్థమవుతుంది. నిజంగా. కానీ ఇలా చూడు, బ్రిన్ ఎవరి పేరూ రాయలేదు. నియమాలన్నీ పాటించింది. అది బహిరంగంగా జరిగిన కార్యక్రమం, తలుపులు తెరిచే ఉన్నాయి, పైగా మీవాళ్ళే రమ్మన్నారు. నేనిప్పుడు దాన్ని తీసేయమంటే, ఇక తెల్లపిల్లలు ఎవరూ గడప దాటే ధైర్యం చేయరు. అది మనకి మంచిదా?”

“మనకా?”

“నీ కోణం కూడా అంతే ముఖ్యం. నువ్వింకా వ్యాసం ఇవ్వలేదు కదా. ఆ రోజు గురించే నువ్వు రాయి. రెండూ పక్కపక్కన పెడదాం. ఎంత శక్తిమంతంగా ఉంటుందో ఊహించు!”

“నేను మా అమ్మమ్మని రాయను.”

“సరే. అది నీ హక్కు.” ఆల్డర్ నిట్టూర్చింది. “అయితే నీది కాని చోటికి ఎక్కడికైనా వెళ్ళిరా. వ్యాసం లేకుండా నిన్ను గట్టెక్కించలేను, కెజయా. ఆ ఒక్కటీ నా చేతుల్లో లేదు.”

కెజయా కోపం ఆ రోజు నుంచీ చల్లారలేదు. కోపంలో ఉన్నవాళ్ళకి వచ్చే తెలివి వేరు. ఆమె ఊరి పత్రికలో చావుకబుర్ల పేజీ తెరిచింది. రైలు పట్టాలకి ఇవతల, ఓక్ వీధిలోని తెల్లవాళ్ళ చర్చిలో, శుక్రవారం మధ్యాహ్నం, మిసెస్ విన్‌స్లో అనే పెద్దావిడ అంత్యక్రియలు. చర్చి ముందు బోర్డు మీద ‘అందరికీ స్వాగతం’ అని ఉంది. అమ్మమ్మకి వేసుకున్న నల్లగౌనే వేసుకుని, సంచిలో నోటుబుక్కు పెట్టుకుని వెళ్ళింది. ఒక్క ముక్క వదలకుండా రాస్తాను, ఎవరెవరు ఏ పాత్ర నిర్వహించారో చూస్తాను, ఇది కూడా ఆణిముత్యమంటుందేమో చూద్దాం అనుకుంది.

గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి మర్యాదగా నవ్వాడు. “భోజనాలవాళ్ళా? హాలుకి వెనకనుంచి దారమ్మా.”

“కాదండీ. ప్రార్థనకి.”

“ఓ. సరే సరే, రా.”

ఎవరూ ఆమెని నిలబడమని అడగలేదు, ఎక్కడినుంచి వచ్చావని కూడా అడగలేదు. ఆఖరి వరసలో కూర్చుంది. అన్నీ అనుకున్న టైముకి జరిగిపోయాయి. ఎవరూ గొంతు పెంచలేదు. ‘ఇక్కడ ఏడవడం తప్పులా ఉంది, ఏడుపు వచ్చినవాళ్ళు దగ్గినట్టు నటిస్తున్నారు,’ అని రాసుకుంది. రాసుకుంటుంటే చేతికి హాయిగా అనిపించింది, ఆ హాయి చూసి ఆమెకే కాస్త భయం వేసింది.

తర్వాత హాల్లో చిన్నచిన్న శాండ్‌విచ్‌లు, పళ్ళరసాల పంచ్ పోసిన గాజుకప్పులు. ఒకావిడ మాటల్లో పడి, చూడకుండానే ఖాళీ కప్పు కెజయా చేతిలో పెట్టి, “థాంక్యూ స్వీటీ,” అని వెళ్ళిపోయింది. దాన్ని పట్టుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తుండగా, అరవై దాటిన మరొకామె సూటిగా నడిచి వచ్చి చెయ్యి పట్టుకుంది. పోయినావిడ కూతురు. ముందు వరసలో రాయిలా కూర్చున్నది ఆమే.

“నువ్వే కదూ? అమ్మని చూసుకున్నది నువ్వే కదూ?” అంది. “ఫోన్లో ఎప్పుడూ చెప్పేది, ఆ పిల్ల బంగారమని. నీ పేరు... క్షమించు, నాకు గుర్తులేదు.”

కాదండీ అనడానికి కెజయా నోరు తెరిచింది.

“నేను ఒహాయో నుంచి వచ్చేసరికి అయిపోయింది. నువ్వున్నావు కదా చివర్లో? ఏమైనా అందా? నన్ను అడిగిందా?”

ఆ చెయ్యి చల్లగా ఉంది, గట్టిగా పట్టుకుంది. ఈ ప్రశ్న కెజయాకి బాగా తెలుసు. ఆస్పత్రి వరండాలో ఇదే ప్రశ్న పట్టుకుని గది గదికీ తిరిగింది. తనకి ఆ రోజు ఎవరైనా ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేదో ఆమెకి తప్ప ఆ హాల్లో ఇంకెవరికి తెలుసు?

“మీ పేరే తలుచుకున్నారండీ,” అంది. “నొప్పేం పడలేదు. నిద్రపోయినట్టే పోయారు.”

ఆ మనిషి అక్కడికక్కడే కూలిపోయినట్టు కెజయా భుజం మీద తల పెట్టి భోరుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా చూపులు తిప్పుకున్నారు. కెజయా ఒక చేత్తో కప్పు పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె వీపు నిమిరింది. తనకీ ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బయటికొచ్చి నడుస్తుంటే అసహ్యం వేసింది. ఎవరి మీదో తెలియదు. ఎవరి ఇంటి చావులోనో, ఎవరి బదులో నిలబడి, చివరికి తన అమ్మమ్మ కోసం ఏడవాల్సి వచ్చింది.

వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు వ్యంగ్యమంతా కొట్టేసింది. జరిగింది జరిగినట్టు రాసింది. గుమ్మంలో మనిషి, కప్పు, కూతురు, చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. మోబ్లీ అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు.

వారం తిరక్కుండా ఆల్డర్ పిలిపించింది. ఈసారి చేతులు పట్టుకోలేదు. కాగితాలు బల్ల మీద ఉన్నాయి.

“ఇది చదివాక నాకు మనసు మనసులో లేదు,” అంది. “దీన్ని నేను తీసుకోలేను, కెజయా. యూనివర్సిటీ క్రమశిక్షణ కమిటీకి పంపాల్సి వస్తుందేమో కూడా. చదువు పని మీద వచ్చానని నువ్వు వాళ్ళకి చెప్పలేదు.”

“నన్నెవరూ అడగలేదు మేడమ్. తలుపులు తెరిచే ఉన్నాయి.”

“బ్రిన్ లేచి నిలబడి చెప్పింది.”

“మావాళ్ళు అడుగుతారు కాబట్టి చెప్పింది. అక్కడ నా చేతికి కప్పు ఇచ్చారు.”

ఆల్డర్ కణతలు నొక్కుకుంది. “వాళ్ళు పొరబడితే సరిదిద్దాల్సిన బాధ్యత నీదే కదా. నువ్వు ఆమెతో అబద్ధం చెప్పావు.”

“అవును. చెప్పాను.”

“అసలు నీకెలా మనసొప్పింది?” ఆల్డర్ గొంతు మొదటిసారి గట్టిపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఒక ఇంట్లో పెద్దదిక్కు పోయింది. వాళ్ళు పుట్టెడు దుఃఖంలో ఉన్నారు. అలాంటిచోట ఒక విద్యార్థి వెళ్ళి కూర్చుని, వాళ్ళ ఏడుపు చూసి, మార్కుల కోసం రాసుకొస్తుందా? ఆ కుటుంబానికి ఎలా ఉంటుందో ఒక్క క్షణమైనా ఆలోచించావా?”

కెజయా ఆమె ముఖంలోకి చూసింది. అందులో వెతకాల్సిందంతా వెతికింది.

“ఏ కుటుంబానికి మేడమ్?”

“విన్‌స్లో వాళ్ళకి,” అంది ఆల్డర్ వెంటనే, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.